“సార్, ఇందులో 2009 అని ఉందేంటికి?”

పోయిన నెల అనంతపురంలో మాకు రెండు రోజుల ట్రైనింగ్ పెట్టినారు, హైస్కూలు పిల్లలకి ఏఐ ఎట్ల పరిచయం చెయ్యాల అని. మాట్లాడినాయన బాగానే మాట్లాడినాడు, భోజనం కూడా బాగుండింది, నేనేమీ వెక్కిరించడానికి ఇది రాయడం లేదు. కానీ ఆ రెండు రోజులూ నా మనసు మాత్రం మా బడి ల్యాబులోనే ఉండింది. ఎందుకంటే ఆ ముందు వారమే మూడో నంబరు సిస్టంలో నెట్ రావట్లేదని నేను, మా సైన్సు సారు, మా బడికి నెట్ కనెక్షన్ ఇచ్చినాయన, ముగ్గురం కలిసి గంటన్నర తంటాలు పడి, రౌటరు నాలుగుసార్లు ఆపి ఏసి, ఆఖరికి లైను ప్రాబ్లం అని తేల్చేసి లేస్తా ఉంటే, పక్కన నిలబడి చూస్తా ఉన్న ఎనిమిదో తరగతి పాప ఒకతె అడిగింది: “సార్, ఇందులో 2009 అని ఉందేంటికి?”

కుడిపక్క కింద మూలలో గడియారం. 2009 జనవరి 1. ముగ్గురు పెద్దోళ్ళం, ఒక్కరం చూళ్ళేదు.

తేదీ సరిచేస్తానే నెట్ వచ్చేసింది. వచ్చేసింది అనడం కూడా తప్పే, అసలు పోతే కదా. బ్రౌజరు ఏ సైటు తలుపు తట్టినా ఆ సైటు ముందు తన గుర్తింపు పత్రం చూపిస్తుంది, దానిమీద ఫలానా రోజు నుంచి ఫలానా రోజు దాకా చెల్లుతుంది అని ఉంటుంది. మా సిస్టం 2009లో కూర్చోని ఉంది కాబట్టి, ఈ పత్రం ఇంకా మొదలే కాలేదు కదా, ఇది దొంగపత్రం అని తలుపేసేస్తా ఉంది. దాని లెక్క దానికి కరెక్టే. స్క్రీన్ మీద మీ గడియారం వెనకుంది అని ఇంగ్లీషులో రాసి కూడా చూపించింది పాపం, మేమే చదవలేదు. ఎర్రగా ఏదన్నా వస్తే చదవకుండా మూసెయ్యడం అందరికీ అలవాటు.

మరి తేదీ ఎందుకు పోయింది అంటే మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఒకటి ఉంటుంది, సీఆర్2032. ఆ నంబరులోనే దాని కొలతలున్నాయి, 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపించేది అదే. మా బడిలో సాయంత్రం అటెండరు మెయిన్ స్విచ్చు ఆపేసి తాళం వేసుకోని పోతాడు, ఎండాకాలం సెలవులైతే నెలన్నర అట్లే ఉంటుంది, ఆ బ్యాటరీ మీదే బతకాల. ఎన్నేండ్లని బతుకుతుంది. మరుసటి రోజు టవర్ క్లాక్ దగ్గర అంగట్లో ఒకటి కొనుక్కోని పోయినా, ఆ పాపే మూత తీసి వేసింది. ఆ రోజు నుంచీ నాకు ఒకటే అనిపిస్తా ఉంది: హైస్కూలు పిల్లలకి కంప్యూటర్ బేసిక్స్ అని మనం చెప్తున్నది బేసిక్సే కాదు. పాడైనదాన్ని ముందరబెట్టి ఇది ఎక్కడ ఆగిందో వెతకండి అనడమే బేసిక్స్. మిగతావన్నీ, ఫుల్ ఫారాలూ, టైపింగూ, పవర్‌పాయింటూ, కోడింగూ, ఇప్పుడు ఈ ఏఐ, అన్నీ దాని తర్వాతే.

పితామహుడు తెలుసు

నేను లెక్కల సారుని. ల్యాబు నా మెడకి ఎందుకు తగులుకుందంటే లెక్కల సారుకి కంప్యూటర్ కూడా వస్తాదిలే అని. నాకు వచ్చింది ఎక్సెల్లో మార్కుల లిస్టు కూడటం వరకే. పదో తరగతిలో 600 మార్కులకి పరీక్ష రాస్తే అందులో కంప్యూటర్‌ది ఒక్క మార్కు లేదు, కాబట్టి వారానికి ఒక పీరియడు ఉన్నా ఎవరో ఒకరు సిలబస్ కాలేదని అడిగి తీసేసుకుంటారు, నేను కూడా లెక్కలకి తీసుకున్నా, దాచేదేముంది.

మొదటి రెండేండ్లు నేను కూడా నోట్సే చెప్పించినా. సిపియు అంటే ఏమి, ఏఎల్‌యూ అంటే ఏమి, కంప్యూటర్ పితామహుడు ఎవరు. చార్లెస్ బాబేజ్ అని అందరూ రాస్తారు, స్పెల్లింగుతో సహా. ఆయన పెద్దగా ఊహించుకున్న అనలిటికల్ ఇంజను అనే లెక్కల యంత్రం 1871లో ఆయన చనిపోయే నాటికి పూర్తే కాలేదు అని మాత్రం మేం చెప్పం, చెప్తే ఆ మనిషి మీద పిల్లోళ్ళకి రొంత ఇష్టమన్నా కలుగుతుంది. ఒకరోజు పాడైన పెట్టె ఒకటి మూత తీసి పెట్టి సిపియు యాడుందో చూపించురా అంటే ఒకడు పెట్టె మొత్తాన్ని చేత్తో తట్టి ఇదే కదా సార్ అన్నాడు. వాడి తప్పు కాదు, ఊరంతా దాన్ని సిపియు అనే అంటారు, నేను ఈ పోస్టులో కూడా ఇంకో నాలుగుసార్లు అట్లే అంటా. కానీ ఫ్యాను కింద, వేడి లాగే హీట్‌సింకు కింద ఉండే రెండు వేళ్ళ వెడల్పు ముక్కే అసలు సిపియు, అంటే ప్రాసెసర్ అని చూసినప్పుడు వాళ్ళ ముఖాలు చూడాల. ‘దీనికోసరమా సార్ ఇంత డబ్బా?’

ఇంకొకడు అడిగిన ప్రశ్నకి నేను ఆ రోజు జవాబు చెప్పలేకపోయినా. నోట్సులో ఏముంది, రోమ్ అంటే చదవడానికి మాత్రమే, రాయడానికి కుదరదు అని. వాళ్ళ అన్న ఫోన్ డబ్బా మీద 8 జీబీ ర్యామ్, 128 జీబీ రోమ్ అని ఉంది. ‘రాయడానికి కుదరదు అంటారు, మరి మావోడు ఫోటోలు యాడ దాచుకుంటాన్నాడు సార్?’ గమ్మునుండు అని కూర్చోబెట్టినా. ఇంటికి పోయి చదువుకుంటే తెలిసింది, డబ్బా మీద రాసిందే తప్పు, అది రాసుకోని చెరుపుకోగలిగే ఫ్లాష్ స్టోరేజి, పాత అలవాటుకొద్దీ అట్ల అమ్ముతున్నారు. అంటే నా నోట్సు కంటే వాడి అనుమానమే గట్టిది. దీనికి పరీక్షలో మార్కులేసే పద్ధతి లేదు మన దగ్గర.

లెక్కల సారుగా నాకు బాగా పనికొచ్చింది మాత్రం పెన్‌డ్రైవు. 64 జీబీ అని కొంటే సిస్టంలో 59.6 అని చూపిస్తుంది. అంగడాయన మోసం చేసినాడని ఒక పిల్లోని నాయన పోయి కొట్లాడి కూడా వచ్చినాడంట. కంపెనీ వెయ్యిని మూడుసార్లు గుణించి జీబీ అంటుంది, విండోసు 1024ని మూడుసార్లు గుణించి జీబీ అంటుంది, ఇద్దరికీ తేడా ఏడు శాతం పైన. ఎనిమిదో తరగతిలో ఘాతాంకాల పాఠం ఇట్ల చెప్పినాక ఆ పాఠంలో ఎవరూ నిద్రపోలేదు. నెట్ స్పీడు కూడా అంతే, 40 ఎంబీపీఎస్ ప్లాను తీసుకుంటే సినిమా డౌన్‌లోడు సెకనుకి 5 ఎంబీ దగ్గరే ఆగిపోతా ఉందని మా స్టాఫ్‌రూములో ఒకాయన ఏడాదంతా తిట్టుకున్నాడు. ప్లానులోవి బిట్లు, డౌన్‌లోడులోవి బైట్లు, ఎనిమిది బిట్లు ఒక బైటు, ఎనిమిదితో భాగించండి సార్ అంటే నమ్మలేదు, పిల్లోళ్ళు చెప్తే నమ్మినాడు.

చీమలు కుట్టే సిపియు

ఇది మాత్రం ఏ కంప్యూటర్ పుస్తకంలోనూ నేను చూళ్ళేదు, కాబట్టి రొంత వివరంగా రాస్తా.

ల్యాబులో గోడపక్క వరసలో నాలుగు సిస్టంలు ముట్టుకుంటే జిల్లుమంటాయి. పిల్లోళ్ళు చెప్పులిప్పి లోపలికి వస్తారు కదా, ఉత్తకాళ్ళతో నిలబడి వెనక పెన్‌డ్రైవు పెట్టబోతే చీమలు కుట్టినట్టుంటుంది సార్ అంటారు. నేను చెప్పుల మీదుంటాను కాబట్టి నాకేం తెలీదు, ఊరికే అంటాన్నారు అనుకున్నా. ఒకరోజు టెస్టరు పెడితే సిపియు ఇనుప డబ్బా మీద లైటు వెలిగింది, నా గుండె జారిపోయింది. వెంటనే మెయిన్ ఆపి తాళం వేసి టౌనులో కంప్యూటర్లు రిపేరు చేసే అన్నకి ఫోన్ చేసినా. ఆయన నవ్వి, ‘ఎర్తు లేదు సార్ మీకు’ అన్నాడు.

సంగతేందంటే కరెంటును కంప్యూటర్‌కి కావాల్సినట్టు మార్చే ఎస్‌ఎంపీఎస్ డబ్బాలో, కరెంటులోని చెత్త సిగ్నళ్ళని వడకట్టడానికి రెండు చిన్న కెపాసిటర్లు ఉంటాయి, ఒకటి ఫేజు నుంచి ఇనుప డబ్బాకి, ఒకటి న్యూట్రల్ నుంచి ఇనుప డబ్బాకి. డబ్బాని మూడో పిన్ను ద్వారా భూమికి కలిపి ఉంటే ఆ వచ్చే రవ్వంత కరెంటు భూమిలోకి పోతుంది. కలపకపోతే డబ్బా ఆ రెండింటికీ నడుమ వేలాడుతుంది, అంటే 230 వోల్టుల్లో సగం, 115 దగ్గర. కరెంటు మోతాదు శానా తక్కువ కాబట్టి ప్రాణం మీదికి రాదు, జిల్లుమంటుంది అంతే. కానీ అదే సిస్టంలో లోపల నిజంగా ఏదన్నా వైరు ఊడి డబ్బాకి తగిలిందనుకోండి, ఎర్తు లేని చోట అది వేరే కథ అయిపోతుంది.

మాకు ఎర్తు ఉంది, లేక కాదు. బడి వెనక గుంత తవ్వి, బొగ్గు ఉప్పు వేసి, పైపు దింపి, అంతా పద్ధతిగానే చేసినారు ఎప్పుడో. కానీ అది పని చెయ్యాలంటే ఆ మట్టి తడిగా ఉండాల. మనది అనంతపురం. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్లు అటూ ఇటూ వాన, అదీ పడితే. ఎప్పుడో పదేండ్ల కింద తవ్విన గుంతలో ఎవరూ చెంబెడు నీళ్ళు పోసిన పాపాన పోలేదు, మట్టి ఎండి పెంకులాగా అయిపోయింది. దానికితోడు రెండు ప్లగ్గులకి మూడో పిన్ను సాకెట్టులో దూరలేదని ఎవరో మహానుభావుడు విరిచేసి ఉన్నాడు.

ఎలక్ట్రీషియన్ని పిలిచి వైర్లు చూపించినాం, ప్లగ్గులు మార్పించినాం. నీళ్ళ సంగతి మాత్రం పిల్లోళ్ళే తేల్చినారు. మధ్యాహ్నం భోజనం అయినాక పళ్ళేలు కడిగే తొట్టి ఆ గుంతకి పదడుగుల దూరంలో ఉంది, ఆ నీళ్ళు రోజూ ఊరికే బయటికి పోతా ఉండేవి. తొమ్మిదో తరగతి మగపిల్లోళ్ళు చిన్న కాలవ తీసి గుంతలోకి మళ్ళించినారు. పది రోజుల తర్వాత టెస్టరు వెలగలేదు.

ఇది కంప్యూటర్ పాఠమా, కరెంటు పాఠమా, భూగోళమా అని నన్ను ఎవరన్నా అడిగితే నాకు తెలీదు. కానీ ఏ సమస్యయినా పేరు పెట్టుకోని సబ్జెక్టు చూసుకోని రాదు కదా.

నెట్ లేదు అంటే ఏది లేదు?

మన ఇండ్లల్లో ఎక్కువగా వినపడే కంప్యూటర్ మాట ‘నెట్ లేదు’. దీనికంటే పనికిమాలిన మాట ఇంకోటి లేదు. కడుపులో నొప్పి అని డాక్టరు దగ్గరికి పోయి యాడ నొప్పో చెప్పకుండా కూర్చున్నట్టు.

నేను పిల్లోళ్ళకి ఒక వరస అలవాటు చేసినా. ముందు వైరు, దాని కొనలో లైటు వెలుగుతాందా. తర్వాత మన సిస్టంకి అడ్రసు, అంటే నెట్‌వర్కులో దాని ఇంటి నంబరు లాంటి అంకెలు, వచ్చిందా, కమాండ్ విండోలో ఐపీకాన్ఫిగ్ అని కొడితే కనపడుతుంది. 192.168 అని మొదలైతే చాలామటుకు రౌటరు ఇచ్చినట్టే. 169.254 అని మొదలైతే ఎవరూ ఇవ్వలేదు, అదే ఏదో ఒకటి పెట్టుకోని కూర్చుంది అని అర్థం, అప్పుడు సైట్లు తెరిచి చూడటం దండగ, రౌటరు దాకానే చేరలేదు మనం. అడ్రసు బాగుంటే రౌటరుకి పింగు కొట్టు, అంటే ఉన్నావా అని పిలిచి చూడు. పలికితే బయట గూగుల్ వాళ్ళ 8.8.8.8కి కొట్టు. అదీ పలికితే, సైటు పేరు కొట్టి చూడు. అంకెలు పలికి పేరు పలకకపోతే డీఎన్‌ఎస్ పోయింది.

డీఎన్‌ఎస్ అంటే ఏమి సార్ అంటే మా ఊరి టీ హోటలు చూపించినా. కొత్తగా వచ్చినోడు ఎవడైనా బస్సు దిగి, ఫలానా వాళ్ళ ఇల్లు యాడప్పా అని ఆ హోటల్లోనే అడుగుతాడు. హోటలు మూసుంటే ఇల్లు పోయినట్టా? ఇల్లు ఉంది, మనుషులున్నారు, పొయ్యి మీద అన్నం ఉడుకుతానే ఉంది, దారి చెప్పేవాడు లేడు అంతే. సైటు పేరు చెప్తే దాని అడ్రసు చెప్పేదే డీఎన్‌ఎస్. మరుసటి వారం ఒకడొచ్చి, ‘సార్ మా ఇంట్లో హోటలు మూసినారు’ అన్నాడు. నిజంగానే పేర్లు పలకట్లేదు, వాడే సెట్టింగుల్లోకి పోయి డీఎన్‌ఎస్ మార్చుకున్నాడు.

కేబులు కొనకి ఆర్‌జే45 క్లిప్పు కొట్టడం కూడా నేర్పించినా, ఆ క్రింపింగు పట్టుకారు రిపేరు అన్నదే, పాతది ఇచ్చినాడు. లోపలి ఎనిమిది వైర్ల రంగుల వరస ఇది: వైట్ ఆరెంజ్, ఆరెంజ్, వైట్ గ్రీన్, బ్లూ, వైట్ బ్లూ, గ్రీన్, వైట్ బ్రౌన్, బ్రౌన్. పిల్లోళ్ళు దీన్ని ఎక్కం చదివినట్టు చదువుతారు. ఒక పాప ఆగి అడిగింది, అన్ని జతలూ పక్కపక్కనే ఉంటే గ్రీన్ ఒక్కటే విడదీసి నడుమ బ్లూ పెట్టినారేంటికి అని. మళ్ళీ నాకు తెలీదు. ఈసారి గమ్మునుండు అనలేదు, తెలుసుకోని చెప్తా అన్నా. కారణం పాత టెలిఫోను. ఫోను లైనుకి నడుమ రెండు పిన్నులు వాడేవాళ్ళు, ఆ జత జోలికి పోకుండా రెండో జతని దాని అటూ ఇటూ పెట్టినారు, ఆ అమరికే కంప్యూటర్ కేబుల్లోకి కూడా వచ్చేసింది. ఇంట్లో లాండ్‌లైను ఫోను ఎరగని పిల్లోళ్ళు దాని కోసరం దారి విడిచిన వైర్లని ఇప్పటికీ వరసగా పేరుస్తున్నారు.

ఎలుక కొరికిన కేబులు కూడా ఒకటి మంచి పాఠం చెప్పింది. బ్రౌన్ జత తెగింది, అయినా నెట్ వస్తానే ఉంది, స్పీడు మాత్రం 1000 ఎంబీపీఎస్ నుంచి 100కి పడింది. 100కి నాలుగు వైర్లు చాలు, 1000కి ఎనిమిదీ కావాల. సగం పాడైనా పని చేస్తుంది కానీ సగం పాడైనట్టు చెప్పదు. ఇట్లాంటివే వెతకడానికి కష్టం.

పెండ్లి పత్రిక

ఇప్పుడు కొంచెం బాధ కలిగించే సంగతి. మా బడి పిల్లోని నాయనకి వాట్సాప్‌లో పెండ్లి పత్రిక వచ్చింది, తెలిసినోళ్ళ నంబరు నుంచే. తెరిచినాడు, ఏదో ఇన్‌స్టాల్ అడిగితే సరే అన్నాడు, మెసేజీలు చూడనియ్యమని అడిగితే దానికీ సరే అన్నాడు. శనక్కాయలు అమ్మిన డబ్బు రాత్రికి రాత్రి పోయింది. తెలిసినోళ్ళ ఫోను కూడా అంతకుముందే ఇట్లనే పోయింది, వాళ్ళకి తెలియకుండానే అందరికీ పత్రికలు పోతాన్నాయి.

ఆ మరుసటి రోజు ఆ పిల్లోడు ఫోను తెచ్చి చూపించినాడు. ఫైలు పేరు చివర డాట్ ఏపీకే అని ఉంది. వాడికి అంతకుముందే తెలుసు, పత్రిక అయితే పీడీఎఫ్ ఉండాల, లేకుంటే జేపీజీ ఉండాల, ఏపీకే అంటే అది యాప్, పత్రిక కాదు అని. ‘నేను ఇంట్లో లేను సార్ ఆ పొద్దు’ అన్నాడు. ఆ మాట అన్నప్పుడు వాడి ముఖం నేను మర్చిపోలేదు. సైబర్ మోసాల హెల్ప్‌లైను 1930కి వెంటనే ఫోన్ చెయ్యాలని కూడా వాడికి తెలుసు, వాళ్ళ నాయన రెండు రోజులు సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు.

ఫైలు పేరు చివర మూడు అక్షరాలు. ఇది నోట్సులో ‘ఎక్స్‌టెన్షన్’ అని ఒక లైను. విండోసైతే ఆ అక్షరాలు మామూలుగా కనపడకుండా దాచేస్తుంది కూడా, అందంగా ఉంటాదని. మా ల్యాబులో ఏ సిస్టం బాగైనా మొట్టమొదట చేసేది ఆ దాపరికం తీసేసే టిక్కు పెట్టడం. అట్లే బ్రౌజర్లో తాళం బొమ్మ. తాళముంటే మంచి సైటు అని చాలామంది టీచర్లే చెప్తారు. ఆ తాళానికి అర్థం దారిలో ఎవరూ వినలేరు అని మాత్రమే, అవతల కూర్చున్నోడు దొంగా దొరా అని కాదు. దొంగతో కూడా గుట్టుగా మాట్లాడొచ్చు.

‘మా పిల్లోన్ని మెకానిక్కు చేస్తారా సార్?’

ఈ మాట నన్ను ఒక తండ్రి నేరుగా అడిగినాడు. కొడుకు చొక్కా నిండా సిపియులోని దుమ్ముతో ఇంటికి పోయినాడు ఆ రోజు. ఆయన బేల్దారి పని చేస్తాడు, కొడుకు చేతికి మట్టి అంటకూడదనే బడికి పంపుతున్నా, ఇక్కడ కూడా ఇదేనా అన్నాడు. నాకు జవాబు దొరకలేదు, ఇప్పటికీ పూర్తిగా దొరకలేదు. టౌనులో ఫీజులు కట్టే బడుల్లో పిల్లోళ్ళు పైథాన్ కోడింగు నేర్చుకుంటా ఉంటే, ప్రభుత్వ బడి పిల్లోళ్ళకి నేను ర్యామ్ పట్టీని రబ్బరుతో రుద్ది శుభ్రం చెయ్యడం నేర్పుతున్నా. తెలిసో తెలియకో వీళ్ళని స్క్రూడ్రైవరు దగ్గరే ఆపేస్తున్నానా? ఈ అనుమానం రాత్రులు నాకు వస్తుంది. మూత తీసినంత మాత్రాన ఎవరూ ఇంజనీరు కారు, నిజమే.

కానీ ఇంకో పక్క కూడా చూసినా. ఆ ల్యాబులో పాత విండోస్ 7 సిస్టంలు ఉండేవి, దానికి సపోర్టు 2020 జనవరి 14నే అయిపోయింది, 2 జీబీ ర్యామ్‌తో కొత్త విండోసు ఎక్కదు. వాటిలో రెంటికి రిపేరు అన్న సలహాతో విండోసు బదులు లినక్సు అనే ఇంకో సిస్టం సాఫ్ట్‌వేరు ఎక్కించినాం. అదే పెట్టె, అదే మౌసు, వేరే ముఖంతో లేచింది. ‘కంప్యూటర్ అంటేనే విండోసు అనుకున్న్యా సార్’ అనింది 2009 పాప. హార్డ్‌వేర్ అంటే ముట్టుకోగలిగేది, సాఫ్ట్‌వేర్ అంటే ముట్టుకోలేనిది అని రెండేండ్లు నోట్సు రాయించినా రాని సంగతి ఆ ఒక్క పూటలో వచ్చింది. తర్వాత ఆ పాపే కమాండ్లు కొట్టడం మొదలుపెట్టింది. కోడింగుకి దారి ఇటునుంచి కూడా ఉంది అని నేను అనుకుంటున్నా. అందరికీ ఉందా అంటే చెప్పలేను.

ఇప్పుడు ఫోన్లన్నీ అతికించి వస్తున్నాయి, ల్యాప్‌టాపుల్లో ర్యామ్ కూడా బోర్డుకి అంటించేస్తున్నారు, మూత తీసే కాలం పోయింది కదా సార్ అని మా సైన్సు సారు అంటాడు. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకి ప్రభుత్వం ఇచ్చిన ట్యాబులే చూడు, ఒక్క స్క్రూ కనపడుతుందా అంటాడు. ఒప్పుకుంటా. కానీ నేను నేర్పేది స్క్రూ గురించి కాదు, వరస గురించి. కరెంటు ఉందా, అడ్రసు వచ్చిందా, పేరు పలుకుతాందా, అనుమతి ఎవడు అడుగుతున్నాడు. ట్యాబు అతికించి ఉన్నా ఈ నాలుగూ అడగొచ్చు.

అన్నీ ఏఐనే అడిగితే చెప్తుంది అని ట్రైనింగులో అన్నారు. అడిగి చూసినా, బాగానే చెప్తుంది. ‘నెట్ రావట్లేదు’ అని అడిగితే ఇరవై కారణాలు చెప్పింది, ‘గడియారం 2009 చూపిస్తాంది, సైట్లు ఎర్రగా వస్తాన్నాయి’ అంటే నేరుగా బ్యాటరీ అనింది. ఆ గడియారం చూసింది మాత్రం ఎనిమిదో తరగతి పాప. పైగా నేను దాన్ని అడిగింది నా ఫోన్లో, నా డేటాతో.

ఇక ప్రమాదం మాట. ఇది తేలిగ్గా తీసుకునేది కాదు. మా ల్యాబులో మూడు కట్టుబాట్లు: ప్లగ్గు పూర్తిగా పీకి నా చేతికి ఇచ్చినాకే మూత తియ్యాల, పీకినాక పవర్ బటను ఒకసారి నొక్కి పట్టుకోవాల, ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం ఎవరూ, నేను కూడా, తెరవకూడదు, దాంట్లో ప్లగ్గు పీకినాక కూడా కరెంటు నిలవుంటుంది. అయినా నలభై మంది పిల్లోళ్ళకి ఒక్క సారుతో ఇది కుదరదు. నేను ఎనిమిది మందిని పెట్టుకోని చేస్తున్నా, మిగతా ముప్పై రెండు మంది కిటికీ పట్టుకోని చూస్తారు. ఈ లెక్క నాకు తేలలేదు.

రిపేరు బుక్కు

ల్యాబులో పదకొండు సిస్టంలకి మొదట్లో నాలుగు నడిచేవి, ఇప్పుడు ఎనిమిది నడుస్తున్నాయి. కొత్తగా కొన్నవి బ్యాటరీలు, ఒక ఎస్‌ఎంపీఎస్, కేబులు క్లిప్పులు, అంతే. మిగతాదంతా దుమ్ము, ఊడిన వైర్లు, ఒక చోట ఫ్యానులో దూరిన సాలెగూడు.

ఒక లాంగ్ నోట్‌బుక్కు పెట్టినా, పిల్లోళ్ళు రిపేరు బుక్కు అంటారు. ఏమైంది, ఏం చూసినాం, ఏం మారింది అని రాయాల. మార్కులు లేవు, సంతకం మాత్రం పెడతా. నిన్న సాయంత్రం చూస్తే ఏడో నంబరు సిస్టం గురించి ఇట్ల ఉంది, 2009 పాప చేతిరాత:

‘ఆన్ చేస్తే ఫ్యాను తిరిగి ఆగిపోతాంది. ప్లగ్గు చూసినాం, బాగుంది. ర్యామ్ తీసి రబ్బరుతో రుద్ది పెట్టినాం, అట్లే ఉంది. వేరే ర్యామ్ పెట్టినాం, అట్లే ఉంది. నాలుగో సిస్టం ఎస్‌ఎంపీఎస్ పెట్టినాం, అప్పుడు కూడా అట్లే ఉంది. అంటే ఎస్‌ఎంపీఎస్ కాదు. ఇంకా తెలీలేదు.’

పద్నాలుగేండ్ల సర్వీసులో ఎన్ని వేల జవాబు పత్రాలు దిద్దినానో, ‘ఇంకా తెలీలేదు’ అని రాసిన పిల్లని నేను చూళ్ళేదు. కింద సంతకం పెట్టి, వేడి లాగడానికి ప్రాసెసర్ మీద పూసే పేస్టు ఎండిపోయిందేమో చూసినారా అని రాసినా. శనివారం టౌనుకి పోతే రిపేరు అన్నని అడిగి చిన్న ట్యూబు తేవాల.